బిల్లులు చదివిన శాసనసభ్యుడు

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలో రాష్ట్ర శాసనసభ్యుడంటే ఏమంత గొప్ప హోదా కాదు. న్యూయార్క్ రాష్ట్రాన్నే తీసుకుందాం. అక్కడి అసెంబ్లీలో 150 మంది సభ్యులు. జీతం ఏడాదికి 1,500 డాలర్లు. దారి ఖర్చు కింద పది మైళ్లకు ఒక డాలరు ఇచ్చేవారు. అది కూడా సమావేశాల మొత్తానికి ఒక్కసారి రానూపోనూ లెక్కన. ఈ అంకెలు రాష్ట్ర రాజ్యాంగంలోనే రాసి ఉండేవి. కాబట్టి సభ్యులు తమ జీతం తామే పెంచుకునే వీలు లేదు. సమావేశాలు జనవరి మొదటి బుధవారం మొదలయ్యేవి. మామూలుగా వేసవి రాకముందే ముగిసేవి. ఆ తర్వాత ఎవరి బతుకుతెరువు వారిది.

మనకు మరీ వింతగా తోచేది పదవీకాలం. ఒక్క ఏడాది, అంతే. నవంబర్‌లో ఎన్నిక, జనవరిలో ప్రమాణం, ఆ నవంబర్‌లో మళ్లీ ఎన్నిక. ఐదేళ్లకోసారి ఓటు వేసే మనకు ఇది ప్రజాస్వామ్యం మరీ ఎక్కువైనట్టు అనిపించవచ్చు. దాని ఫలితం వేరేగా ఉండేది. సభ నిండా ఎప్పుడూ కొత్తవాళ్లే. సభ నడిచే తీరు అర్థమయ్యేసరికి సమావేశాలు అయిపోయేవి. చాలామంది ఒకటి రెండుసార్లు గెలిచి ఇంటికి పోయేవారు. అలాంటి చోట పన్నెండేళ్లు ఉండిపోయినవాడికి, ఉండిపోయినందువల్లే ఒక బలం వచ్చేది.

ఆల్ఫ్రెడ్ ఇమ్మాన్యుయేల్ స్మిత్ అలా ఉండిపోయినవాడు. జనం నోట ఆల్ స్మిత్. 1904 నుంచి 1915 దాకా అసెంబ్లీ సభ్యుడు. తర్వాత నాలుగుసార్లు గవర్నరుగా గెలిచాడు. 1928లో డెమోక్రటిక్ పార్టీ తరఫున దేశాధ్యక్ష పదవికి పోటీ చేసి ఓడిపోయాడు. చరిత్ర పుస్తకాలు ఎక్కువగా ఆ ఓటమినే చెబుతాయి. నాకు మాత్రం అంతకుముందరి పన్నెండేళ్లే ఆసక్తికరం. చట్టసభలో ఒక మామూలు సభ్యుడికి పలుకుబడి ఎక్కడి నుంచి వస్తుందో ఆ ఏళ్లు విడమరిచి చూపిస్తాయి.

స్మిత్ 1873లో న్యూయార్క్ నగరం దిగువ తూర్పు వాడలో పుట్టాడు. నదీ తీరం, ఓడరేవు, వలస కుటుంబాలు కిక్కిరిసిన ఇరుకు ఇళ్లు. తండ్రి సరుకుల బండి తోలేవాడు. ఆయన 1886లో చనిపోయాడు. స్మిత్ చదువు ఎనిమిదో తరగతి పూర్తికాకుండానే ఆగిపోయింది. కొన్నేళ్లు ఫుల్టన్ చేపల మార్కెట్లో పనిచేశాడు. తెల్లవారక ముందే పని మొదలయ్యేది. వారానికి 12 డాలర్లు, ఇంటికి సరిపడా చేపలు. అసెంబ్లీలో తోటి సభ్యులు తమ తమ విశ్వవిద్యాలయాల పేర్లు చెప్పుకుంటుంటే, తన డిగ్రీ ‘ఎఫ్ ఎఫ్ ఎం’ అన్నాడని ఒక కథ బాగా ప్రచారంలో ఉంది. అంటే ఫుల్టన్ ఫిష్ మార్కెట్.

ఇలాంటి మనిషి అసెంబ్లీకి ఎలా వెళ్లాడు? టామనీ హాల్ (న్యూయార్క్ నగరంలో డెమోక్రటిక్ పార్టీని నడిపిన స్థానిక సంస్థ) పంపింది. టామనీ పనిచేసే పద్ధతి తెలిస్తేనే స్మిత్ కథ అర్థమవుతుంది.

నగరాన్ని అది అసెంబ్లీ నియోజకవర్గాల వారీగా పంచుకునేది. ఒక్కోదానికి ఒక నాయకుడు. స్మిత్ వాడకు టామ్ ఫోలీ. సారా దుకాణం నడిపేవాడు. వాడలో ఎవరికైనా ఉద్యోగం కావాలన్నా, చలికాలంలో బొగ్గు కావాలన్నా, కుర్రాడు పోలీసుల చేతికి చిక్కినా, ఇంట్లో చావు జరిగి చేతిలో డబ్బు లేకపోయినా వెళ్లేది ఆయన దగ్గరికే. ప్రభుత్వం తరఫున అలాంటి సాయమేదీ లేని రోజులవి. సాయం పొందినవాళ్లు నవంబర్‌లో ఓటు వేసేవాళ్లు. ఆ ఓట్లతో నగర ప్రభుత్వంలో ఉద్యోగాలు, కాంట్రాక్టులు టామనీ చేతికి వచ్చేవి. వాటితోనే మళ్లీ సాయం. ఇందులో దాతృత్వం ఎంత, లంచం ఎంత అని తూచడం కష్టం. రెండూ ఒకే చేతి మీదుగా జరిగేవి.

1903లో ఫోలీ స్మిత్‌ను అభ్యర్థిగా ఎంపిక చేశాడు. ఆ వాడలో డెమోక్రాట్ ఓడిపోవడమంటే వింతే. కాబట్టి అసలు ఎన్నిక పెట్టెల దగ్గర కాదు, ఫోలీ దగ్గర జరిగేది. ఇందులో ఒక చిత్రం ఉంది. ఏటా ఎన్నికలున్నా స్మిత్‌కు సీటు భయం లేదు. పక్క సభ్యుడు వచ్చే నవంబర్ గురించి బెంగపడే సమయంలో ఇతను పని నేర్చుకోవచ్చు. అందుకు చెల్లించే ధర కూడా తక్కువేం కాదు. టామనీ చెప్పినప్పుడు చెప్పినట్టు ఓటు వేయాలి. పార్టీ అభ్యర్థులను నాయకులు కాకుండా పార్టీ ఓటర్లే నేరుగా ఎన్నుకోవాలన్న సంస్కరణ బిల్లులు వచ్చినప్పుడు స్మిత్ వాటిని వ్యతిరేకించాడు. తన సీటు ఎవరి చలవో అతనికి తెలుసు.

రాజధాని ఆల్బనీలో మొదటి రోజులు దయనీయంగా గడిచాయి. సభలో వెనక వరసల్లో కుర్చీ. మొదటి రెండు సమావేశాల్లో దాదాపు నోరు విప్పలేదు. కమిటీల్లో ఎవరిని వేయాలన్నది పూర్తిగా స్పీకర్ ఇష్టం. టామనీ కుర్రాడికి పనికొచ్చే కమిటీ ఎందుకిస్తారు? రెండో ఏడు బ్యాంకుల కమిటీలో, అడవుల కమిటీలో వేశారు. స్మిత్ అంతకుముందు జ్యూరీ నోటీసులు అందించే గుమాస్తా ఉద్యోగం చేశాడు. ఆ నోటీసు ఇవ్వడానికి తప్ప తను బ్యాంకు గడప తొక్కలేదని, అడవినైతే కంటితోనే చూడలేదని తర్వాత తనే నవ్వుతూ చెప్పుకున్నాడు.

ఇక్కడ కాస్త ఆగి, అతన్ని భయపెట్టిన వస్తువేమిటో చూద్దాం. అది బిల్లు (చట్టంగా మారేందుకు సభ ముందుంచే ముసాయిదా). కొత్త చట్టాన్ని మొదటి నుంచి చివరి దాకా రాసే బిల్లులు తక్కువ. ఎక్కువ భాగం పాత చట్టంలో ఏదో ఒక సెక్షన్‌ను సవరించేవి. అచ్చయిన బిల్లులో కొత్తగా చేర్చే మాటలు వేరే అక్షరాల్లోనో, కింద గీతతోనో ఉంటాయి. తీసేసే మాటలు బ్రాకెట్లలో ఉంటాయి. చూడటానికి తేలికే. కానీ ఆ సెక్షన్ చట్టంలోని మరే సెక్షన్‌తో ముడిపడి ఉందో బిల్లు చెప్పదు. ఆ మార్పు వల్ల ఎవరికి ఎంత లాభమో అసలే చెప్పదు. పాత చట్టం పక్కన పెట్టుకుని, అది ఇంకా దేన్ని ప్రస్తావిస్తోందో వెతికి చదివితేనే సంగతి బయటపడుతుంది.

ఒక నిజమైన ఉదాహరణ. ఆనాటి కార్మిక చట్టంలో ఫ్యాక్టరీ తలుపుల గురించి ఒక సెక్షన్ ఉండేది. తలుపులు బయటికి తెరుచుకునేలా ఉండాలి, పని వేళల్లో తాళం వేయకూడదు అని దాని సారం. అయితే బయటికి తెరుచుకోవడం అన్న దగ్గర, ‘వీలైన చోట’ అని అర్థమిచ్చే రెండు మాటలున్నాయి. వీలుందో లేదో తేల్చేదెవరు? మెట్ల ముందు జాగా లేదు కాబట్టి వీలుకాదని యజమాని అంటే, ఇన్‌స్పెక్టర్ ఊరుకోవలసిందే. వంద మాటల సెక్షన్ బలాన్ని రెండు మాటలు మింగేయగలవు. చట్టసభలో ఇలాంటి మాటలు చేరేది ఉపన్యాసాల హోరులో కాదు. కమిటీ గదిలో, ఎవరూ చదవని పుటలో.

చదవడం కష్టం కావడానికి ఇంకో కారణం, బిల్లుల సంఖ్య. న్యూయార్క్ నగరం తన సొంత వ్యవహారాలకు కూడా చాలావాటికి ఆల్బనీ వైపే చూడాల్సి వచ్చేది. అందుకని ఏటా వేలల్లో బిల్లులు వచ్చిపడేవి. వాటిలో కొన్ని బెదిరింపు బిల్లులు. అంటే ఒక కంపెనీకి నష్టం చేసే బిల్లు పెట్టడం, ఆ కంపెనీ డబ్బు ముట్టజెప్పాక బిల్లును కమిటీలోనే చంపేయడం. సమావేశాల చివరి రోజుల్లో బిల్లులపై పెత్తనమంతా స్పీకర్ అధ్యక్షుడిగా ఉండే రూల్స్ కమిటీది. అర్ధరాత్రి దాటాక వరసపెట్టి ఓట్లు. దేనికి చేయి ఎత్తుతున్నారో సగం మందికి తెలియదు.

స్మిత్ మానేద్దామనుకున్నాడు. నగరంలో వేరే ఉద్యోగం చూపిస్తానని ఫోలీ కూడా అన్నాడు. కానీ ఉండిపోయి, చదవడం మొదలుపెట్టాడు. అద్దె గదిలో రాత్రిళ్లు, ఆ రోజు వచ్చిన బిల్లులన్నీ. పదం తెలియకపోతే నిఘంటువు. సెక్షన్ తెలియకపోతే చట్టాల సంపుటం. ఏటా వచ్చే ద్రవ్య వినిమయ బిల్లు (ఏ శాఖకు ఎంత ఖర్చు పెట్టవచ్చో అనుమతించే బిల్లు) వందల పుటల జాబితా. దాన్ని చివరంటా చదివే సభ్యుడు ఉండడు. స్మిత్ దాన్నీ వరసగా చదివాడు. ఎవరి జీతం ఎంత, ఏ ఊళ్లో ఏ వంతెన, ఏ ఆసుపత్రికి ఎంత బొగ్గు అన్నీ అందులో ఉంటాయి. ప్రభుత్వం అనే పెద్ద యంత్రం ఎలా తిరుగుతోందో చెప్పే పుస్తకం అదొక్కటే. దాన్ని ఎవరూ పుస్తకంగా చూడలేదు.

ఫలితం నెమ్మదిగా వచ్చింది. 1906లో రిపబ్లికన్ స్పీకర్ జేమ్స్ వాడ్స్‌వర్త్ అతన్ని బీమా కమిటీలో వేశాడు. బీమా కంపెనీల అక్రమాల మీద అప్పుడే పెద్ద విచారణ ముగిసింది. కొత్త చట్టాలు రాసే పని ఆ కమిటీ మీద పడింది. అంటే ఆ ఏడు అది ముఖ్యమైన చోటు. సభ్యుల పనితీరును ఏటా అంచనా వేసే సిటిజన్స్ యూనియన్ అనే పౌర సంస్థకు టామనీ అంటే గిట్టదు. అది కూడా మొదట్లో ఇతన్ని లెక్కలోకి తీసుకోలేదు గానీ, ఆ సరికి స్వరం మార్చింది. చురుకైనవాడు, తెలివైనవాడు అంది. టామనీ వాళ్లలో సగటు కంటే కాస్త మేలు అన్న సన్నాయి నొక్కు మాత్రం వదల్లేదు.

మరో సంగతి గుర్తుంచుకోవాలి. ఈ పన్నెండేళ్లలో అసెంబ్లీలో డెమోక్రాట్లకు ఆధిక్యం వచ్చింది రెండేళ్లే, 1911లోనూ 1913లోనూ. కారణం రాజ్యాంగంలోనే ఉంది. 1894 నాటి రాష్ట్ర రాజ్యాంగం జనాభా ఎంత తక్కువైనా దాదాపు ప్రతి కౌంటీకీ (మన జిల్లా లాంటి విభాగం) ఒక అసెంబ్లీ సీటు ఇచ్చింది. పల్లె కౌంటీలు రిపబ్లికన్లవి. సెనేట్ (ఎగువ సభ) విషయంలో నగరానికి మెజారిటీ దక్కకుండా ఇంకో నిబంధన పెట్టింది. ఈ చట్టసభ రాజ్యాంగరీత్యానే రిపబ్లికన్ అని స్మిత్ వెటకారం చేసేవాడు. పదేళ్లు ప్రతిపక్షంలో కూర్చున్నవాడికి ఓట్లతో పని జరగదు. బిల్లులో ఏముందో ఎదుటివాడికన్నా బాగా తెలియడమే మిగిలిన ఆయుధం. అధికార పక్షం వాళ్లు కూడా తమ బిల్లు అర్థం తెలుసుకోవడానికి ఇతని దగ్గరికి రావడం అలా మొదలైంది.

1910 ఎన్నికల్లో గాలి మారింది. రెండు సభలూ డెమోక్రాట్లకు వచ్చాయి. స్మిత్ అసెంబ్లీలో పార్టీ నాయకుడయ్యాడు. డబ్బు బిల్లులు చూసే కమిటీకి అధ్యక్షుడు కూడా. సెనేట్ నాయకత్వం అతని స్నేహితుడు, ఆల్బనీలో గది పంచుకున్న రాబర్ట్ వాగ్నర్‌కు దక్కింది. మూడు నెలల పాటు ఏ పనీ సాగలేదు. అప్పట్లో అమెరికా సెనేట్‌కు సభ్యులను రాష్ట్ర చట్టసభలే ఎన్నుకునేవి. టామనీ నిలబెట్టిన మనిషిని కొందరు డెమోక్రాట్లే అడ్డుకున్నారు. ఆ తిరుగుబాటుదారుల ముందువరసలో ఉన్నది ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ అనే కొత్త రాష్ట్ర సెనేటర్.

ఇక 1911 మార్చి చివరి వారం. అన్నీ ఒకేసారి మీదపడ్డాయి. 24న రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం ఒక కార్మిక చట్టాన్ని కొట్టేసింది. 25న ట్రయాంగిల్ దుస్తుల ఫ్యాక్టరీ కాలిపోయింది. 29న ఆల్బనీలో శాసనసభ భవనమే అంటుకుని, అందులోని రాష్ట్ర గ్రంథాలయం బూడిదైంది. 31న అమెరికా సెనేటర్ ఎన్నిక మరో పేరుతో రాజీ కుదిరి ముగిసింది. చివరి రెండింటినీ పక్కన పెడదాం. మొదటి రెండూ స్మిత్ జీవితాన్నే మలుపు తిప్పాయి.

ట్రయాంగిల్ ఫ్యాక్టరీ పది అంతస్తుల భవనంలో పై మూడు అంతస్తుల్లో ఉండేది. శనివారం సాయంత్రం, పని ముగిసే వేళ, ఎనిమిదో అంతస్తులో నిప్పు రాజుకుంది. తొమ్మిదో అంతస్తులో ఒక తలుపు తెరుచుకోలేదు. బయటి ఇనుప మెట్లు బరువుకు కూలిపోయాయి. అగ్నిమాపక దళం నిచ్చెనలు ఆరో అంతస్తు దాకానే అందాయి. 146 మంది చనిపోయారు. ఎక్కువమంది ఇటాలియన్, యూదు వలస కుటుంబాల అమ్మాయిలు. కొందరి ఇళ్లు స్మిత్ నియోజకవర్గంలోనే ఉన్నాయి. అతను ఆ ఇళ్లకు వెళ్లాడు. శవాలను గుర్తుపట్టే చోటికీ వెళ్లాడు.

పని వేళల్లో తలుపుకు తాళం వేయకూడదని చట్టం ముందే చెప్పింది కదా, మరి యజమానులకు శిక్ష పడిందా? పడలేదు. ఆ తలుపుకు ఆ సమయాన తాళం ఉందని యజమానులకు స్వయంగా తెలుసని రుజువు కావాలన్నారు. జ్యూరీ నిర్దోషులని తేల్చింది. ఇంకా ఉంది. భవనం ఎత్తు 135 అడుగులు. 150 అడుగులు దాటితేనే నేలలు, కిటికీల చట్రాలు కాలని పదార్థంతో కట్టాలన్న నిబంధన వర్తించేది. ఫ్యాక్టరీ తనిఖీ రాష్ట్రానిది, భవనం అనుమతి నగరానిది, మంటలార్పడం ఇంకో శాఖది. ఎవరి కాగితాలు వాళ్ల దగ్గర సవ్యంగానే ఉన్నాయి. చట్టం లేకపోవడం ఒక సమస్య. ఉన్న చట్టాల మధ్య సందులుండటం దానికంటే చిక్కు సమస్య. సందులు కనిపించాలంటే చట్టాలన్నీ పక్కపక్కన పెట్టుకుని చదివినవాడు కావాలి.

నగర ప్రముఖులు ఒక భద్రతా కమిటీ పెట్టుకుని ఆల్బనీకి వచ్చారు. పేరున్న పౌరులతో ఒక విచారణ సంఘం వేయమని గవర్నరును అడగాలన్నది వాళ్ల ఆలోచన. స్మిత్ వద్దన్నాడు. ఆ కమిటీతో పనిచేసిన ఫ్రాన్సెస్ పెర్కిన్స్ ఈ సంగతి తర్వాత చాలాసార్లు చెప్పింది. స్మిత్ వాదన సారం ఇది: పెద్దమనుషులు నివేదిక రాస్తే సభ్యులు దాన్ని అటకెక్కిస్తారు. సంఘంలో తమవాళ్లే ఉంటే, తమ సభ మర్యాదకు సంబంధించిన విషయంగా చూస్తారు. ఓటు కూడా వేస్తారు. సంస్కరణవాదులకు రుచించే మాట కాదు. కానీ ఆ సభలో ఓట్లు ఎలా పడతాయో ఏడేళ్లుగా చూసినవాడి మాట.

అలా చట్టసభ ఫ్యాక్టరీ విచారణ కమిషన్‌ను ఏర్పాటు చేసింది. అధ్యక్షుడు వాగ్నర్, ఉపాధ్యక్షుడు స్మిత్. సభ్యులతో పాటు కార్మిక నాయకుడు శామ్యూల్ గాంపర్స్, మహిళా కార్మికుల కోసం పనిచేసిన మేరీ డ్రయర్ లాంటివాళ్లూ ఉన్నారు. సాక్షులను పిలిపించే అధికారం ఇచ్చారు. మొదటి ఏడాదిలోనే 222 మంది సాక్ష్యం చెప్పారు. సాక్ష్యాలు సుమారు 3,500 పుటలు. 1,800కు పైగా పని స్థలాలను తనిఖీ చేశారు.

పెర్కిన్స్ ఇంకో పని చేసింది. సభ్యులను వెంటబెట్టుకుని తిప్పింది. తాళ్ల ఫ్యాక్టరీలో పది గంటల రాత్రి పని ముగించుకుని తెల్లవారుజామున బయటికి వచ్చే ఆడవాళ్లను స్మిత్‌కు చూపించింది. అగ్నిప్రమాద మార్గం అని రాసి ఉన్న చిన్న కంతలోంచి వాగ్నర్‌ను దూరమంది. దూరితే అవతల మంచు పేరుకున్న నిచ్చెన, అది నేల దాకా ఉండదు. ఆహార డబ్బాల ఫ్యాక్టరీలో పొద్దున్నే చిక్కుళ్లు ఒలుస్తున్న ఐదారేళ్ల పిల్లలను చూపించింది. స్మిత్‌కు పేదరికం కొత్త కాదు. పల్లెటూళ్ల ఫ్యాక్టరీలు మాత్రం కొత్తే. అంతవరకు అతను కాగితం మీద చదివిన సెక్షన్లకు కళ్లెదుట మనుషులు కనిపించారు.

తర్వాత బిల్లులు. వీటి తీరు చూస్తే చదివినవాడి చేయి కనిపిస్తుంది. 1912లో మొదట వచ్చిన వాటిలో ఒకటి ఫ్యాక్టరీలన్నీ రాష్ట్రం దగ్గర పేరు నమోదు చేసుకోవాలన్నది. చప్పగా అనిపిస్తుంది. కానీ అప్పటిదాకా రాష్ట్రంలో ఎన్ని ఫ్యాక్టరీలున్నాయో కార్మిక శాఖకే పూర్తిగా తెలియదు. లేని జాబితాతో ఇన్‌స్పెక్టర్ ఏం తనిఖీ చేస్తాడు? పాతికమందికి పైగా పైఅంతస్తుల్లో పనిచేసే చోట మంటల నుంచి తప్పించుకునే కసరత్తు తప్పనిసరి చేశారు. ఏడు అంతస్తులు దాటిన ఫ్యాక్టరీ భవనాల్లో, ఏడో అంతస్తు పైన 200 మందికి మించి ఉంటే స్ప్రింక్లర్లు (వేడి తగలగానే నీళ్లు చిమ్మే గొట్టాలు) పెట్టాలన్నారు. 1913లో కార్మిక శాఖను తిరగరాసి, ఒక పారిశ్రామిక బోర్డు పెట్టారు. భద్రత నిబంధనలను ఆ బోర్డే రాయవచ్చు, మార్చవచ్చు. నా ఉద్దేశంలో అన్నిటికన్నా తెలివైన మార్పు ఇదే. ప్రతి తలుపు కొలతనూ చట్టంలో రాస్తే, దాన్ని మార్చాలన్న ప్రతిసారీ బిల్లు పెట్టాలి. ప్రతి బిల్లుతోనూ ‘వీలైన చోట’ అనే మాటలు దూరే అవకాశం. నిబంధన రాసే పనిని సభ బయటికి తీసుకుపోవడం వల్ల ఆ దారి ఇరుకైంది. మూడు నాలుగేళ్లలో ఇలా వచ్చిన చట్టాలు ముప్పైకి పైగా.

అన్నీ అనుకున్నట్టు సాగలేదు. ఆడవాళ్ల పనిని వారానికి 54 గంటలకు పరిమితం చేసే బిల్లు 1912లో గట్టెక్కింది గానీ, ఆహార డబ్బాల ఫ్యాక్టరీలను మినహాయించాకే. అది తప్ప ఇంకేదీ దక్కదని పెర్కిన్స్ ఒప్పుకుంది. ఆ ఫ్యాక్టరీల యజమానులు వారానికో సెలవు రోజు చట్టం నుంచి కూడా మినహాయింపు అడిగారు. విశ్రాంతి దినాన్ని పాటించమన్న బైబిలు ఆజ్ఞలో డబ్బాల ఫ్యాక్టరీలకు మినహాయింపు తనకెక్కడా కనబడలేదని స్మిత్ సభలో అన్నాడు. చిన్న ప్రసంగం. అతని ప్రసంగాల్లో జనం గుర్తుపెట్టుకున్నది ఇదే.

ఇక 1911 మార్చి 24 నాటి తీర్పు. పనిలో గాయపడిన కార్మికుడికి, తప్పు ఎవరిదన్న ప్రశ్న లేకుండా యజమాని పరిహారం చెల్లించాలన్న చట్టం 1910లో వచ్చింది. తప్పు చేయని యజమాని ఆస్తిని అన్యాయంగా తీసుకోవడమే ఇదంటూ కోర్టు దాన్ని కొట్టేసింది. కోర్టు రాజ్యాంగం పేరు చెప్పినప్పుడు మామూలు చట్టంతో జవాబివ్వలేం. రాజ్యాంగాన్నే సవరించాలి. న్యూయార్క్‌లో దానికి మూడు మెట్లు. ఒక చట్టసభ ఆమోదించాలి. ఎన్నికల తర్వాత వచ్చే చట్టసభ మళ్లీ ఆమోదించాలి. అప్పుడు జనం ఓటు. మూడూ దాటి 1913 నవంబర్‌లో సవరణ గెలిచింది. డిసెంబర్‌లో కొత్త పరిహార చట్టం వచ్చింది. 1914 జులై నుంచి అమలు. ఆ 1913లో స్పీకర్ కుర్చీలో ఉన్నది స్మిత్.

అదే ఏడాది అదే కుర్చీలోంచి అతను చేసిన ఇంకో పనిని కూడా చెప్పాలి. గవర్నర్ విలియం సుల్జర్ టామనీ మద్దతుతోనే గెలిచాడు. గెలిచాక టామనీ అధినేత చార్లెస్ మర్ఫీకి ఎదురు తిరిగాడు. అవినీతి విచారణలు మొదలుపెట్టాడు. అభ్యర్థులను ఓటర్లే ఎన్నుకునే బిల్లు కోసం ప్రత్యేక సమావేశం పిలిచాడు. చట్టసభ అతని ఎన్నికల విరాళాల లెక్కలు తవ్వింది. కొంత డబ్బు లెక్కలో చూపకుండా షేర్లలో పెట్టాడని తేలింది. 1913 ఆగస్టు 13 తెల్లవారుజామున అసెంబ్లీ అతన్ని అభిశంసించింది (పదవి నుంచి తొలగించాలంటూ అధికారికంగా నేరం మోపింది). ఓట్లు 79–45. కావలసినవి 76. గవర్నర్ పిలిచిన ప్రత్యేక సమావేశంలో గవర్నర్ సూచించని చట్టమేదీ చేయకూడదని రాజ్యాంగం అంటుంది. మరి గవర్నర్‌నే అభిశంసించవచ్చా? అభిశంసన చట్టం చేయడం కాదు, న్యాయ విచారణ లాంటిది, కాబట్టి కుదురుతుందన్న వాదన నెగ్గింది. అక్టోబర్‌లో సుల్జర్ పదవి పోయింది.

సుల్జర్ తప్పు చేయలేదని కాదు. తప్పు దొరికింది. అయితే మర్ఫీ మాట విని ఉంటే ఎవరూ వెతికేవారు కాదన్నదీ అంతే స్పష్టం. నిబంధనల మీద పట్టు కార్మికురాలి తలుపు తెరవడానికి ఎంత పనికొచ్చిందో, అధినేతకు ఎదురు తిరిగినవాణ్ని దించడానికీ అంతే పనికొచ్చింది. జనం మర్చిపోలేదు. ఆ నవంబర్‌లో అసెంబ్లీ డెమోక్రాట్ల చేయి జారింది. సుల్జర్ ఇంకో పార్టీ టికెట్‌పై, అదే తూర్పు వాడ నుంచి అసెంబ్లీకే గెలిచాడు. 1914లో స్పీకర్ కుర్చీ దిగిన స్మిత్, గవర్నర్ కుర్చీ పోయిన సుల్జర్ ఒకే సభలో సభ్యులుగా కూర్చున్నారు.

1915లో రాష్ట్ర రాజ్యాంగాన్ని తిరగరాయడానికి ఒక సభ కూర్చుంది. అధ్యక్షుడు ఎలిహూ రూట్. మాజీ విదేశాంగ మంత్రి, పేరుమోసిన న్యాయవాది, రిపబ్లికన్. సభ నిండా అలాంటి న్యాయవాదులే. ఏ శాఖ ఏ చట్టంతో పుట్టిందో, ఏ బోర్డు దేని పని రెండోసారి చేస్తోందో చర్చ వచ్చిన ప్రతిసారీ స్మిత్ లేచి చూడకుండా చెప్పేవాడు. రాష్ట్ర వ్యవహారాలు అందరికన్నా బాగా తెలిసినవాడు ఇతనేనని రూట్ అన్నాడని ఆనాటివాళ్లు చెప్పుకున్నారు. సుమారు పదేళ్లు రాత్రిళ్లు చదివిన ద్రవ్య వినిమయ బిల్లులు ఇక్కడ అక్కరకొచ్చాయి. ఆ సభ రాసిన రాజ్యాంగాన్ని మాత్రం నవంబర్‌లో ఓటర్లు తిరస్కరించారు.

అదే నవంబర్‌లో స్మిత్ న్యూయార్క్ కౌంటీ షెరీఫ్‌గా గెలిచి అసెంబ్లీని వదిలేశాడు. అప్పట్లో షెరీఫ్ పదవికి ఫీజుల మీద వచ్చే ఆదాయం చాలా ఎక్కువ. ఏడాదికి 50,000 డాలర్ల వరకు ఉండేదని అంచనా. టామనీ తన నమ్మకస్తులకు ఇచ్చే బహుమతుల్లో పెద్దది. ఇంట్లో ఐదుగురు పిల్లలు. 1,500 డాలర్ల జీతం మీద పన్నెండేళ్లు గడిపినవాడు దాన్ని కాదనలేదు. మంచి సభ్యుడు సభలో నిలవాలంటే కడుపు మాడ్చుకోవాలి, లేదా ఇలాంటి బహుమతి కోసం ఎదురుచూడాలి. ఆ జీతం అంకె రాజ్యాంగంలో ఉన్నంత కాలం వేరే దారి లేదు.

గవర్నరయ్యాక స్మిత్ 1915 నాటి పాత కాగితాలను మళ్లీ తీశాడు. దాదాపు రెండు వందల బోర్డులు, శాఖలను ఇరవై లోపుకు కుదించే సవరణకు 1925లో జనం ఓటేశారు. అంతవరకు ఏ శాఖకు ఆ శాఖ సభ్యుల చుట్టూ తిరిగి డబ్బు అడుక్కునేది. ఖర్చుల ప్రణాళికను గవర్నరే తయారుచేసి సభ ముందుంచే పద్ధతికి 1927లో ఆమోదం దొరికింది. ఏడాదికోసారి జరిగే అసెంబ్లీ ఎన్నికలను రెండేళ్లకోసారి చేసింది 1937 నాటి సవరణ. కౌంటీకో సీటు లెక్క చాలా కాలం నిలిచింది. దాన్ని అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది 1964లో, స్మిత్ చనిపోయిన ఇరవై ఏళ్లకు.